ఇంగ్లీష్ చెవికెక్కాలంటే ఏది వినాలి: రేడియో ఇంటర్వ్యూలా, పాటలా, వీడియోలా?

చదివితే అర్థమవుతుంది, ఎవరైనా గబగబా మాట్లాడితే మాత్రం సగం కూడా అందదు. ఇంగ్లీష్ గురించి ఈ మాట అనేవాళ్లకి దొరికే సలహా దాదాపు ఒకటే: బాగా వినండి. ఏం వినాలన్న దగ్గరే చిక్కు. పాటలు వినమని ఒకరంటారు, సినిమాలు చూడమని ఇంకొకరు, పాడ్‌కాస్ట్‌లు పెట్టుకోమని మరొకరు. అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కాబట్టి అన్నీ కొన్నాళ్లు నడుస్తాయి, ఏదీ ఒంటబట్టకముందే ఆగిపోతాయి.

ఈ మూడూ చేసే పనులు వేరు. ఇంటర్వ్యూ చెవికి పని పెడుతుంది. పాట నోరు తిరిగేలా చేస్తుంది. వీడియో అర్థాన్ని చేతికందిస్తుంది, ఆ అందించడంలోనే చెవికి కాస్త బద్ధకం కూడా నేర్పుతుంది. మీ ఇంగ్లీష్ ఎక్కడ ఆగిపోతోందో తెలిశాక వీటిలో ఒకటి ఎంచుకోవడం తేలిక. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: ఒక మాదిరిగా చదవగలిగి, వినడంలో వెనకబడినవాళ్లకి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మాట్లాడిన ప్రతి మాటా రాసిపెట్టిన పాఠం, ఉన్న రేడియో ఇంటర్వ్యూని మించింది లేదు. అది ఎవరికి పనికిరాదో కూడా చెబుతాను.

ముందు మీ ఇబ్బంది ఎక్కడో చూసుకోండి

ఇద్దరు మాట్లాడుకునే ఆడియో ముక్క ఒకటి, రెండు మూడు నిమిషాలది, తీసుకోండి. ట్రాన్స్‌క్రిప్ట్ దానికి తప్పకుండా ఉండాలి. ఇందుకు స్టోరీకోర్ రికార్డింగులు బాగా పనికొస్తాయి. 2003లో న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో ఒక చిన్న రికార్డింగ్ గదితో మొదలైన ప్రయత్నం ఇది. తల్లీ కొడుకూ, ఇద్దరు స్నేహితులూ, ఇలా మామూలు మనుషులే ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకుంటారు. దాదాపు 40 నిమిషాల సంభాషణలోంచి కొద్ది నిమిషాల ముక్క అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌లో వస్తుంది. ఎదుటివాళ్లని ఆకట్టుకోవాలని మాట్లాడేవాళ్లు కారు కాబట్టి ఇంగ్లీష్ ఎలా ఉంటుందో అలాగే వినిపిస్తుంది.

ఒకసారి ఆపకుండా వినండి. రెండోసారి ఒక్క నిమిషం ముక్కని ఆపుతూ, వినిపించింది వినిపించినట్టు కాగితం మీద రాయండి. ఆ తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్ తీసి పోల్చండి. ఫలితం మూడు రకాల్లో ఒకటి అవుతుంది. చదివినా అర్థం కాని మాటలు చాలా ఉంటే మీకు ముందు కావాల్సింది పదాలు, చెవికి శిక్షణ తర్వాత సంగతి. చదివితే అన్నీ తెలిసిన మాటలే, వింటున్నప్పుడు మాత్రం పట్టుబడలేదంటే లోపం చెవిలో ఉంది. విన్నదీ, చదివినదీ రెండూ తెలిసినవే, తిరిగి అదే వాక్యం పలకమంటే నాలుక మడతపడుతోందంటే పని నోటికి పెట్టాలి.

మొదటి రకం వాళ్లు నిరుత్సాహపడాల్సిన పనేమీ లేదు, కానీ తమ స్థాయికి మించిన ఇంటర్వ్యూతో కుస్తీ పట్టడం దండగ. స్టువర్ట్ వెబ్, మైఖేల్ రాడ్జర్స్ అనే పరిశోధకులు 2009లో సినిమా సంభాషణలని లెక్కగట్టి చూస్తే, బాగా వాడుకలో ఉన్న 3,000 పద కుటుంబాలు తెలిస్తే అందులోని మాటల్లో దాదాపు 95 శాతం తెలిసినట్టేనని తేలింది. పద కుటుంబం అంటే గో, గోస్, గోయింగ్, గాన్ లాంటివన్నీ కలిపి ఒకటి. 98 శాతం కావాలంటే మాత్రం ఆ సంఖ్య రెట్టింపు అవుతుంది. అంటే మొదటి మూడు వేలు మిమ్మల్ని చాలా దూరం మోసుకెళ్తాయి, ఆ తర్వాత ఒక్కో శాతం కోసం బాగా కష్టపడాలి. ఆ మూడు వేలు ఇంకా పోగు కాని దశలో వీడియో, లేదంటే నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన ఆడియో పట్టుకోండి.

అలాంటి ఆడియోకి పెద్ద చరిత్రే ఉంది. అమెరికా ప్రభుత్వ ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా 1959 అక్టోబర్‌లో స్పెషల్ ఇంగ్లీష్ పేరుతో మొదలుపెట్టిన ప్రసారాల్లో వాడే మాటలు దాదాపు 1,500, చదివే వేగం మామూలు వేగంలో మూడింట రెండు వంతులు. దాని పేరు తర్వాత లెర్నింగ్ ఇంగ్లీష్‌గా మారింది. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా పని దాదాపు స్తంభించిపోయింది కాబట్టి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లోని సిక్స్ మినిట్ ఇంగ్లీష్ మంచి దారి. ఆరు నిమిషాలు, ఇద్దరు మాట్లాడుకుంటారు, కొన్ని కొత్త మాటలు విడమరిచి చెబుతారు, ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తారు. అయితే ఇలాంటి నెమ్మది ఇంగ్లీష్‌లో ఎక్కువ కాలం ఉండిపోకండి. అక్కడ మాటకీ మాటకీ మధ్య సందు ఉంటుంది. బయట మనుషుల మాటల్లో ఆ సందే ఉండదు.

ఇంటర్వ్యూ చెవిని ఎలా తయారుచేస్తుంది

తెలుగులో రాసిన ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు పలుకుతాం. దీర్ఘానికి ఎక్కువ సేపు, హ్రస్వానికి తక్కువ సేపు, అంతే తేడా. ఇంగ్లీష్ పలికే తీరు వేరు. వాక్యంలో ముఖ్యమైన ఒకటి రెండు చోట్ల గొంతు ఒత్తి పలుకుతారు, మిగిలిన చిన్న మాటలన్నీ ఆ ఒత్తుల మధ్య నలిగిపోతాయి. ఇది పుస్తకంలో కనబడదు.

ఉదాహరణకి ఎవరో ఇలా అన్నారనుకోండి: ఐ షుడ్ హావ్ టోల్డ్ హర్ అబౌట్ ఇట్. “దాని గురించి ఆమెకి చెప్పి ఉండాల్సింది” అని. ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు. అదే వాక్యం మామూలు సంభాషణలో ఐషుడవ్ టోల్డర బౌటిట్ అని వినబడుతుంది. అమెరికా వాళ్లయితే చివర్న బౌడిట్ అంటారు. హావ్‌లోని హకారం పోయి అవ్ మిగిలింది. హర్‌లోదీ పోయి, మిగిలిన అర్ వెనక మాటకి అతుక్కుంది. అబౌట్ రెండు ముక్కలై, ఆ మొదటి అకారం ఇటు చేరింది. స్పష్టంగా చెవిన పడేది షుడ్, టోల్డ్, బౌట్ మాత్రమే. టోల్డర అనే మాట కోసం మీ బుర్ర నిఘంటువంతా గాలిస్తుంది, ఈలోగా అవతలివాళ్లు ఇంకో రెండు వాక్యాలు దాటిపోతారు. “వాళ్లు స్పీడ్‌గా మాట్లాడతారు” అని మనం అనుకునేది చాలావరకు ఇదే. వేగం కన్నా ఈ అతుకులే పెద్ద అడ్డు.

ఇంకో చిన్న ఉదాహరణ. అమెరికన్ మాటల్లో కెన్, కాంట్ మధ్య తేడాని మనం చివరి టకారం కోసం చెవి రిక్కించి వెతుకుతాం. ఆ టకారం చాలాసార్లు వినబడనే వినబడదు. చేయగలను అన్నప్పుడు కెన్ నలిగి ఐకన్ గో అయిపోతుంది. చేయలేను అన్నప్పుడు ఆ అచ్చు నిండుగా, ఒత్తుగా క్యాన్ అని వస్తుంది. ఈ తేడా తెలియకపోతే వస్తానన్నారో రానన్నారో అర్థం కాక మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుంది.

వీటిని పట్టుకోవడానికి ఇంటర్వ్యూకి సాటి రానివి చాలా ఉన్నాయి, ముందుగా వార్తలు. రోజూ ఇంగ్లీష్ వార్తలు వింటే ఇంగ్లీష్ వచ్చేస్తుందని పెద్దవాళ్లు చెప్పే మాట నాకు ఎప్పుడూ నచ్చదు. వార్త ముందు రాసుకుని తర్వాత చదివేది. వాక్యాలు బరువుగా ఉంటాయి, పేర్లు, పదవులు, అంకెలు ఒకదాని మీద ఒకటి పడతాయి, మాటలు విడివిడిగా పలుకుతారు. అంత స్పష్టంగా మీతో ఎవరూ మాట్లాడరు. ఇంటర్వ్యూలో మనిషి ఆలోచించుకుంటూ మాట్లాడతాడు. వెల్, యూ నో, ఐ మీన్ అంటూ నసుగుతాడు, మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలో వదిలేసి ఇంకోటి ఎత్తుకుంటాడు, చెప్పిందే కాస్త మార్చి మళ్లీ చెబుతాడు. నేర్చుకునేవాళ్లకి ఆ నసుగుడు ఊపిరి తీసుకునే సందు, ఆ మళ్లీ చెప్పడం రెండో అవకాశం.

ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలు. దీన్ని చాలామంది పట్టించుకోరు. మనకి సమాధానాలు చెప్పడం ఎంతో కొంత వస్తుంది, ఎదుటివాళ్లని మర్యాదగా, ఆసక్తిగా అడగడమే రాదు. మంచి ప్రశ్నలు అడిగేవాళ్లని వరసగా వినండి. ఎన్‌పీఆర్‌లో ఫ్రెష్ ఎయిర్ అనే కార్యక్రమాన్ని టెర్రీ గ్రాస్ 1975 నుంచి నడుపుతున్నారు. 1987 నుంచి దేశవ్యాప్తంగా రోజూ వస్తోంది, ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఎన్‌పీఆర్ సైట్‌లో ఉచితం. ఒకే గొంతు వారాల తరబడి వింటుంటే ఆ మనిషి అడిగే తీరు, వాడే మాటలు ముందే ఊహకి వస్తాయి. దీనికి దగ్గరగా, భాషా పరిశోధకుడు స్టీఫెన్ క్రాషెన్ 1996లో ఒకే అంశం చుట్టూ రకరకాల మనుషుల మాటల్ని మళ్లీ మళ్లీ వినే పద్ధతిని గట్టిగా సమర్థించాడు. రోజుకో కొత్త కార్యక్రమం మార్చేవాళ్లు ప్రతిరోజూ మొదటి మెట్టు మీదే ఉంటారు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. మీకు ఇష్టమైన నటుడో, రచయితో, క్రీడాకారుడో కొత్త సినిమా లేదా పుస్తకం వచ్చినప్పుడు వరసగా పది చోట్ల ఇంటర్వ్యూలు ఇస్తారు. అన్ని చోట్లా ఇంచుమించు అవే కథలు చెబుతారు, మాటలు మాత్రం కొంచెం కొంచెం మారతాయి. మొదటి ఇంటర్వ్యూ ట్రాన్స్‌క్రిప్ట్‌తో విని, తర్వాతి రెండూ అది లేకుండా వినండి. కథ ముందే తెలుసు కాబట్టి టెన్షన్ ఉండదు, చెవి పూర్తిగా మాటల మీదే ఉంటుంది. ఆ నటుడి గురించి మీకు కావాల్సిన దానికన్నా ఎక్కువే తెలుస్తుంది, అది వేరే సంగతి.

వినే పద్ధతి ఎలా ఉండాలంటే, గంట కార్యక్రమంలో నాలుగైదు నిమిషాలు చాలు. ఒకసారి ఊరికే వినండి. రెండోసారి ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తూ, చెవికి దొరకని చోట గీత గీయండి. ఆ గీతలున్న ముక్కల్ని మాత్రమే ఒక్కోటీ నాలుగైదు సార్లు విని, వినబడినట్టే, అతుకులతో సహా పైకి అనండి. మర్నాడు కాగితం లేకుండా మళ్లీ ఒకసారి. ట్రాన్స్‌క్రిప్ట్ ముందే చదివేసి వింటే అన్నీ అర్థమవుతున్నట్టే ఉంటుంది, వినేది మాత్రం చెవి కాదు, జ్ఞాపకం.

ఇంటర్వ్యూలకీ లోపాలున్నాయి. ఫోన్‌లో మాట్లాడిన అతిథి గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. అక్కడి రాజకీయ నాయకుల పేర్లు, పాత టీవీ కార్యక్రమాల ప్రస్తావనలు మనకి అందవు. ఇద్దరు ముగ్గురు ఒకరి మీద ఒకరు అరుచుకునే చర్చల్ని మొదటి ఏడాది ముట్టుకోకండి. వంట, ప్రయాణం, సైన్స్, ఆట, ఏదైనా సరే మీకు ముందే పట్టున్న విషయం మీద జరిగే ఇంటర్వ్యూతో మొదలుపెడితే సగం భారం తగ్గుతుంది.

పాటలు: నోటికి మందు, చెవికి మోసం

పాటల మీద అభిమానం ఉన్నవాళ్లు ఈ శీర్షిక చూసి కోప్పడకండి, పాటలకి నిజంగానే బలం ఉంది. టిమ్ మర్ఫీ అనే భాషా ఉపాధ్యాయుడు 1992లో 50 ఇంగ్లీష్ పాప్ పాటల్ని పరిశీలించి, వాటిలో మాటలు సరళంగా ఉంటాయని, ఒకే మాట పదేపదే వస్తుందని, మాటల వేగం మామూలు సంభాషణలో సగమే ఉంటుందని చూపించాడు. పాట వదిలేసినా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, అంటే మీరు కూర్చోకుండానే సాధన జరిగిపోతుంది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం ఇంకా ఆసక్తికరం. 60 మంది పెద్దవాళ్లకి అసలు పరిచయం లేని హంగేరియన్ భాషలో చిన్న వాక్యాలు నేర్పారు. కొందరు మామూలుగా పలుకుతూ, కొందరు లయతో పలుకుతూ, కొందరు పాడుతూ, 15 నిమిషాలు నేర్చుకున్నారు. తర్వాత ఆ వాక్యాల్ని హంగేరియన్‌లో చెప్పమంటే పాడినవాళ్లే బాగా చెప్పారు. 2014లో అచ్చయిన పరిశోధన ఇది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే వాళ్లు పాట విని ఊరుకోలేదు, చిన్న చిన్న వాక్యాల్ని వెంట పాడారు.

ఇక మోసం ఎక్కడుందంటే, రాగంలో. ఇంగ్లీష్‌లో ఏ అక్షరం మీద ఒత్తు పడుతుందన్నదే మాటకి ప్రాణం, పాటలో ఆ ఒత్తు రాగం ఎటు లాగితే అటు పోతుంది. నలిగిపోవాల్సిన చిన్న మాట మీద గాయకుడు నాలుగు క్షణాలు నిలబడతాడు. అదే అసలు ఉచ్చారణ అనుకుంటే సంభాషణలో ఆ మాట గుర్తుపట్టలేం. యాస కూడా నమ్మదగింది కాదు. బ్రిటిష్ పాప్ గాయకులు పాడేటప్పుడు అమెరికన్ పలుకుబడిలోకి మారిపోతారని పీటర్ ట్రడ్‌గిల్ అనే భాషా శాస్త్రవేత్త 1983లోనే వివరంగా రాశాడు. వ్యాకరణం సంగతి సరేసరి. షీ డజంట్ అనాల్సిన చోట షీ డోంట్, ఒక్క “కాదు” చాలిన చోట రెండు “కాదు”లు, ప్రాస కోసం తలకిందులైన వాక్యాలు. పాటలో అవి అందంగానే ఉంటాయి, ఉద్యోగం కోసం రాసే ఈమెయిల్‌లో ఉండవు.

పదాల విషయంలోనూ పెద్దగా గిట్టుబాటు కాదు. ప్రేమ, రాత్రి, గుండె, వాన, కన్నీళ్లు, ఈ చుట్టుపక్కలే పాటలు తిరుగుతాయి. వంద పాటలు కంఠతా వచ్చినా డాక్టర్‌కి నొప్పి ఎక్కడుందో చెప్పడానికి మాటలు చాలవు.

అందుకే పాటని నోటి కోసం వాడుకోండి. ఒక గిటారో పియానోనో వెనక ఉండి గొంతు ముందు వినబడే పాటలు, కథ చెప్పే జానపదాలు, రంగస్థలం మీద పాడే మ్యూజికల్స్‌లోని పాటలు మంచివి, ఎందుకంటే అక్కడ మాట అర్థం కాకపోతే కథే నడవదు. ర్యాప్ సంగతి తమాషాగా ఉంటుంది. వేగం, యాస మాటలు భయపెడతాయి గానీ, రాగం లేదు కాబట్టి ఒత్తులు మామూలు మాటకి దగ్గరగా పడతాయి. ఇంగ్లీష్ లయ వంటబట్టాలనుకునే, ఇప్పటికే కాస్త ముందుకెళ్లినవాళ్లకి నెమ్మదైన ప్రేమగీతం కన్నా అదే మేలు.

పల్లవి మాత్రమే తీసుకుని వెంట పాడండి, నోరు తిరిగాక రాగం తీసేసి అదే పంక్తిని మామూలు మాటగా, ఎవరితోనో అంటున్నట్టు పలకండి. ఈ చివరి మెట్టు ఎక్కకపోతే పాడేటప్పుడు మాత్రమే వచ్చే ఇంగ్లీష్ మిగులుతుంది. సాహిత్యం కోసం వెతికేటప్పుడు జాగ్రత్త, చాలా సైట్లలో వినేవాళ్లే తోచినట్టు టైప్ చేసి పెట్టేస్తారు. లిరిక్స్‌ట్రైనింగ్ అనే సైట్‌లో పాట నడుస్తుంటే ఖాళీలు పూరించే ఆట ఉంది, పిల్లలకీ పెద్దలకీ సరదాగా ఉంటుంది.

వీడియోలో పెదాలు చూడండి, సబ్‌టైటిల్స్ మార్చండి

వీడియో ఇచ్చే అసలైన లాభం మాట్లాడే మనిషి ముఖం. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక ప్రయోగం చేశారు. బ అనే శబ్దం వినిపిస్తూ, తెర మీద గ అని పలుకుతున్న పెదాలు చూపిస్తే, చాలామందికి ద అని వినబడింది. మనం చెవితోనే కాదు, కళ్లతో కూడా వింటామన్నమాట. ఇది మనకి నేరుగా పనికొస్తుంది. తెలుగులో వ ఒక్కటే. ఇంగ్లీష్‌లో వెరీ అన్నప్పుడు పై పళ్లు కింది పెదవిని తాకుతాయి, వెల్ అన్నప్పుడు పెదాలు గుండ్రంగా ముడుచుకుంటాయి, పళ్లు తగలవు. థింక్ అన్నప్పుడు నాలుక కొస పళ్ల మధ్యకి వస్తుంది. చెవికి ఎంత విన్నా ఒకేలా ఉండే ఈ తేడాలు ముఖం దగ్గరగా చూపించే వీడియోలో ఇట్టే కనబడతాయి. కాబట్టి అందమైన దృశ్యాల వెనక వ్యాఖ్యానం నడిచే డాక్యుమెంటరీ కన్నా, ఇద్దరు కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకునే వీడియో చూడటానికి చప్పగా ఉన్నా నేర్చుకోవడానికి మెరుగు.

బొమ్మ చేసే అన్యాయం కూడా ఉంది. తలుపు వైపు చూపిస్తూ ఎవరో ఏదో అంటే, వెళ్లమంటున్నారని మాట వినకుండానే తెలిసిపోతుంది. సీజన్ తర్వాత సీజన్ సీరియల్స్ చూసేసి ఫోన్ కాల్ దగ్గర చేతులెత్తేసేవాళ్ల కథ ఇదే. అనుమానం ఉంటే వీడియో నడుస్తుండగా ఫోన్‌ని ఒక నిమిషం బోర్లా పెట్టి చూడండి. కథ జారిపోతే అప్పటిదాకా నడిపించింది కళ్లేనని అర్థం.

సబ్‌టైటిల్స్ విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఇంగ్లీష్ వీడియోకి ఇంగ్లీష్ సబ్‌టైటిల్సే. హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్వీన్ 2009లో నెదర్లాండ్స్ వాళ్ల మీద ఒక పరిశోధన చేశారు. వాళ్లకి అలవాటు లేని స్కాటిష్, ఆస్ట్రేలియన్ యాసల వీడియోలు చూపించారు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు ఆ యాసని తర్వాత బాగా పట్టుకోగలిగారు. సొంత భాష డచ్‌లో సబ్‌టైటిల్స్ చూసినవాళ్లకి కొత్త మాటలు వినాల్సి వచ్చినప్పుడు అవి సాయపడకపోగా అడ్డుపడ్డాయి. కారణం ఊహించడం కష్టం కాదు. తెర మీద ఇంగ్లీష్ ఉంటే విన్న శబ్దానికి రాత తోడు దొరుకుతుంది. సొంత భాష ఉంటే కన్ను దాన్ని చదువుకుని వెళ్లిపోతుంది, చెవికి పనే ఉండదు. తెలుగు సబ్‌టైటిల్స్‌తో చూడొద్దని కాదు, చూడండి, కానీ దాన్ని వినోదం ఖాతాలో రాసుకోండి.

యూట్యూబ్‌లో సబ్‌టైటిల్స్ మెనూ తెరిస్తే కొన్నిటి పక్కన ఆటో జనరేటెడ్ అని ఉంటుంది. అవి మెషిన్ విని రాసినవి, యాసలు, పేర్లు వచ్చిన చోట తడబడతాయి. మనిషి రాసినవి ఉన్న వీడియోలకే మొగ్గు చూపండి. వేగం 0.75కి తగ్గించుకోవచ్చు, అంతకన్నా తగ్గిస్తే గొంతు సాగిపోయి మాట ఇంకా అయోమయం అవుతుంది. కంప్యూటర్‌లో ఎడమ బాణం మీట 5 సెకన్లు, జె మీట 10 సెకన్లు వెనక్కి తీసుకెళ్తాయి. ఒకే వాక్యాన్ని పదిసార్లు వినాలంటే ఈ మీటలే దిక్కు.

టెడ్ ప్రసంగాల పేరు ఎవరైనా చెబుతారు. 18 నిమిషాలకి మించని నిడివి, వాక్యం మీద నొక్కితే వీడియో అక్కడికే వెళ్లే ట్రాన్స్‌క్రిప్ట్, సౌకర్యాలన్నీ ఉన్నాయి. కానీ అది బాగా రిహార్సల్ చేసుకుని ఒక్కరే చెప్పే మాట. నలుగురి ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాల్సినవాళ్లకి భేషుగ్గా పనికొస్తుంది, మాటకి మాట బదులివ్వడం నేర్చుకోవాల్సినవాళ్లకి అంతగా కాదు. ఇక ఇంగ్లీష్ నేర్పుతామంటూ వచ్చే అరనిమిషం వీడియోల గురించి ఒక్క మాట: వాటిలో ఇంగ్లీష్ గురించి చెప్పడమే ఎక్కువ, ఇంగ్లీష్ వినిపించడం తక్కువ. ఒకటి అయ్యేలోగా ఇంకోటి వచ్చిపడుతుంది, ఆగి మళ్లీ వినే సందే ఇవ్వదు.

ఇంతకీ మీకు ఏది

ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షకి సిద్ధమవుతున్నవాళ్లు ఎక్కువ ఆలోచించక్కర్లేదు. అందులో వినే భాగం దాదాపు 30 నిమిషాలు, 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, బొమ్మ ఉండదు, బ్రిటిష్, ఆస్ట్రేలియన్, అమెరికన్ యాసలు ఏవైనా రావచ్చు. రేడియో ఇంటర్వ్యూలే మీ దారి, అది కూడా ఒక్క దేశానివే కాకుండా. ఆఫీసులో విదేశీ కాల్స్‌తో ఇబ్బంది పడేవాళ్లకీ ఇదే సలహా. కాల్‌లో పెదాలు కనబడవు, సబ్‌టైటిల్స్ ఉంటాయన్న నమ్మకం లేదు. మీ క్లయింట్ ఏ దేశం వాళ్లైతే ఆ దేశపు రేడియోలోనే ఇంటర్వ్యూలు వెతుక్కోండి.

ఉద్యోగ ఇంటర్వ్యూ ముందున్నవాళ్లు వీడియో ఇంటర్వ్యూలు ఎక్కువగా చూడాలి. ఆలోచించుకోవడానికి టైమ్ కావాలంటే ఏమంటున్నారు, తెలియని ప్రశ్న వస్తే ముఖం ఎలా పెడుతున్నారు, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు తల ఎలా ఊపుతున్నారు, ఇవి ఆడియోలో రావు. నోరు విప్పడానికే సిగ్గుపడేవాళ్లు మాత్రం నిస్సందేహంగా పాటతో మొదలుపెట్టండి. పాడేటప్పుడు తప్పు పలికినా ఎవరూ పట్టించుకోరు, నాలుకకి ఆ శబ్దాలు అలవాటవుతాయి. చిన్నపిల్లలకి కూడా పాటలే, అందులో చర్చ లేదు.

పని చేసుకుంటూ, ప్రయాణంలో వింటామనేవాళ్లకి ఆడియో తప్ప దారి లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కొత్త ఇంటర్వ్యూ వింటూ అంట్లు తోముకుంటే మాత్రం వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. కూర్చుని ట్రాన్స్‌క్రిప్ట్‌తో ఒకసారి కుస్తీ పట్టిన ముక్కనే అప్పుడు మళ్లీ వినండి, చేతులు పనిలో ఉన్నా చెవి దాన్ని గుర్తుపడుతుంది. డేటా గురించి బెంగ ఉన్నవాళ్లకి: 64 కేబీపీఎస్ నాణ్యతతో గంట ఆడియోకి 30 ఎంబీ కూడా కాదు, వీడియోకి దానికి ఎన్నో రెట్లు పోతుంది.

ఇంతా చదివాక కూడా పాటలు వదులుకోవడం ఇష్టం లేక, ఇంటర్వ్యూలూ కావాలనిపిస్తే, రెండూ కలిసిన కార్యక్రమం ఒకటి 1942 నుంచి నడుస్తోంది. బీబీసీ రేడియోలో వచ్చే డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్. ఎవరూ లేని దీవిలో చిక్కుకుపోతే వెంట ఏ ఎనిమిది పాటలు ఉండాలో అతిథి చెప్పాలి. ఒక్కో పాట వెనక ఒక జ్ఞాపకం, దాని చుట్టూ ప్రశ్నలు. చివర్లో ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఎంచుకోమంటారు, అలలు పాటల్ని కొట్టుకుపోతుంటే ఒక్కటే కాపాడగలిగితే ఏది అని అడుగుతారు. ప్రతి వారం ఇదే వరస కాబట్టి ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలుసు. పాడ్‌కాస్ట్‌లో హక్కుల కారణంగా పాటలు కొద్ది సెకన్లకి కుదించి వస్తాయి, నేర్చుకునేవాళ్లకి అది నష్టం కాదు. మొదటిసారి వినేవాళ్లు మొత్తం వినకుండా, చివరి అయిదు నిమిషాలతో మొదలుపెట్టండి, అక్కడ ప్రశ్నలు చిన్నవి, సమాధానాలు సూటిగా ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్ట్ కోసం యాపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ చూడండి, 2024 మార్చి నుంచి అది ఇంగ్లీష్ కార్యక్రమాలకి తనే మాటలు రాసి చూపిస్తోంది. మెషిన్ రాత కాబట్టి పాటల పేర్లు, ఊళ్ల పేర్లు వచ్చిన చోట తప్పులుంటాయి, మీ చెవికీ ఆ రాతకీ తేడా వచ్చినప్పుడు ఒకసారి చెవినే నమ్మి మళ్లీ వినండి.